ముల్లు దిగని టైరు

మా ఊళ్ళో ఆటోలకు కొదవ లేదు. కానీ పత్తి తీతలు మొదలయ్యాయంటే వాటిలో ఒక్కటి కూడా ఊరివాళ్ళకు దొరకదు. చలి మొదలైనప్పటి నుంచి మాఘమాసం దాకా, ఇంకా చీకటి ఉండగానే కూలీలను ఎక్కించుకుని పొరుగూళ్ళ చేలకు వెళ్ళిపోతాయి. లోపల ఒకరి మీద ఒకరు కూర్చున్నట్టు ఆడవాళ్ళు, వెనక వేలాడే అన్నం గిన్నెల సంచులు. ఆటోవాళ్ళకు ఏడాదిలో చేతినిండా పని ఉండే కాలం అదొక్కటే. ఆ వేళలో ఒక రోగిని మెయిన్‌రోడ్డు దాకా దించి రమ్మని అడిగితే ఎవరూ కాదనరు. మొహమాటంగా నవ్వుతారు. ఆ నవ్వే జవాబు.

ఆ రోగి మా ఆయన. రెండు కిడ్నీలూ పని చేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఆయనకు దొరికిన వంతు పొద్దున మొదటిది. మా ఊరు ప్రత్తిపాడు వైపు, మెయిన్‌రోడ్డు నుంచి బాగా లోపలికి ఉంటుంది. ఊరి నుంచి రోడ్డుకు ఒకటే మట్టిదారి. ఇటు పత్తి, అటు మిరప. మొదటి బస్సు తప్పిపోతే, రెండో బస్సులో మేము వెళ్ళేసరికి ఆ మిషన్ మీద ఇంకొకరు పడుకుని ఉంటారు. వాళ్ళను లేవమని ఎలా అడుగుతాం? వాళ్ళదీ మా కష్టమే.

మోటారు సైకిల్ ఉండేది. ఆయనకు కళ్ళు తిరగడం మొదలయ్యాక అమ్మేశాం. నాకు వచ్చింది మామూలు సైకిల్ ఒక్కటే. హైస్కూలు పక్క ఊళ్ళో ఉండడంతో చిన్నప్పుడు నేర్చుకున్నాను. బడి మధ్యలో ఆగిపోయింది గానీ సైకిల్ ఆగలేదు. ఆ పక్క ఊళ్ళోనే శాఖా గ్రంథాలయం ఉంది. ఇన్నేళ్ళుగా దానికి ఈ సైకిల్ మీదే వెళ్తున్నాను. అలా ఈ చలికాలం నేను తొక్కుతుంటే ఆయన వెనక క్యారియర్ మీద దిండు వేసుకుని కూర్చోవడం మొదలైంది. సూదులు గుచ్చేది ఎడమచేతికి. అందుకని ఆ చేతిని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో నా సీటు కింది స్ప్రింగు పట్టుకునేవారు.

ఊరు ఊరుకోదు గదా. మొదటిరోజే బస్సు ఆగేచోట ఉన్న టీకొట్టు ముసలాయన చూసి, "ఏందయ్యా, పెళ్ళాం చేత మోయించుకుంటన్నావు?" అని అడిగాడు.

"పెళ్ళిలో ఊరేగింపు ఎగ్గొట్టార్లే బాబాయ్. ఇప్పుడు తీరుస్తంది" అన్నారు మా ఆయన. 

టీ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అలా హాస్యమాడి చాలా రోజులైంది. అప్పటికింకా పంచర్లు మొదలు కాలేదు.

మొదటి పంచరు పొగమంచు బాగా పట్టిన రోజున పడింది. చక్రం ముందు ఏముందో కనపడని మంచు. వెనక టైరు నేల మీద చప్పచప్పమని కొట్టుకోవడంతో దిగాను. ఆయన నడవలేరు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సైకిల్ తోసుకుంటూ, ఆయనను పట్టుకుంటూ వాగు మీది చప్టా దాకా వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయిన చప్పుడు కూడా మిగల్లేదు. ఆయన చప్టా మీద కూర్చుని, "పోనీలే. ఇంటికి పోదాం పద" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూశాను. అందులో దిగులు లేదు. బడికి సెలవిచ్చారని తెలిసిన పిల్లాడి మొహంలో ఉండే తేలిక ఉంది.

ఒక వంతు తప్పితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. మర్నాటికి కాళ్ళు నొక్కితే గుంటపడ్డాయి. పడుకుంటే ఊపిరాడక రెండు దిళ్ళకు ఆనుకుని కూర్చునే ఉన్నారు. తర్వాతి వంతుకు వెళ్తే డాక్టరు ఆయనను ఏమీ అనలేదు, నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తులదాకా వస్తే మిషన్ దాకా తీసుకురావడానికి కూడా వ్యవధి ఉండదని, వంతు తప్పడం అలవాటైనవాళ్ళను తాను చాలామందిని పోగొట్టుకున్నానని. 

పది రోజులు తిరక్కుండా మళ్ళీ పంచరు. మళ్ళీ చప్టా. ఈసారి ఆయన ముల్లును టైరులోంచి పీకి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "దీనికున్న జాలి కూడా డాక్టర్లకు లేదు" అన్నారు.

ఆయన ఇక చాలనుకుంటున్నారని, ఆ మాట నాతో అనలేకపోతున్నారని అప్పుడు రూఢిగా తెలిసింది. ఆయన తరఫున ఆ మాట టైరు చెబుతోంది. ఇంకో రెండుసార్లు చెబితే అది అలవాటవుతుంది. ఆ పైన నేను బతిమాలినా ఆయన క్యారియర్ ఎక్కరు. బతిమాలి గెలవగలనన్న నమ్మకం నాకు లేదు. పంచరు పడకుండా చేయగలనేమోనన్న ఆశ మాత్రం ఉంది. 

అందుకని గ్రంథాలయానికి వెళ్ళాను. నాకు ఏది కావలసివచ్చినా ముందు అక్కడికే వెళ్తాను. ఆయనకు జబ్బు బయటపడినప్పుడు కిడ్నీ ఎలా పని చేస్తుందో బొమ్మలతో సహా అక్కడే చదివాను. డాక్టరు చెప్పేది సగం చెప్పకముందే మిగతా సగం నాకు అర్థమవుతుంటే డాక్టరే ఆశ్చర్యపోయి, ఏం చదువుకున్నావమ్మా అని అడిగారు. ఎనిమిదో తరగతిలో ఆపేశానని చెప్పడానికి నాకు సిగ్గనిపించలేదు. టైర్ల మీద పుస్తకం ఉంటుందా అని గ్రంథాలయాధికారిని అడిగితే ఆవిడ ముందు నవ్వి, తర్వాత పాత సైన్సు పత్రికలను బైండు చేసి పెట్టిన బీరువా తాళం తీసి ఇచ్చారు. రెండు మధ్యాహ్నాలు దుమ్ములో కూర్చుని వెతికాను. దొరికింది రబ్బరు గురించిన ఒక పెద్ద వ్యాసం. మంచు దేశాల్లో సైకిల్ మీద ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ గురించి ఇంకొకటి. 

వాటిలో రెండు సంగతులు నా మనసుకు పట్టాయి. చలికి గాలి కుంచించుకుపోతుంది. సాయంత్రం రాయిలా ఉన్న టైరు తెల్లవారేసరికి కొంత మెత్తబడుతుంది. మెత్తబడిన టైరు నేలకు ఎక్కువ మేర ఆనుతుంది, ఎక్కువ ముళ్ళను ఏరుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది. పొడి రబ్బరు కన్నా తడి రబ్బరులోకి మొన తేలిగ్గా దిగుతుందట. తడి నూనె రాసినట్టు పనిచేస్తుంది. మా దారి వేసవిలోనూ ముళ్ళదారే, మరి చలికాలంలోనే పంచర్లెందుకని నేను అనుకుంటున్నదానికి అక్కడ సమాధానం దొరికింది. తెల్లవారుజామున మా దారంతా మంచుతో తడిసి ఉంటుంది. నల్లమట్టి టైరుకు మెత్తగా అంటుకుని, దానితోపాటు ముల్లును కూడా పట్టుకుని తిప్పుతుంది. ఆ దేశాల్లో అందుకని లోపల గట్టి పొర ఒకటి కుట్టిన టైర్లు వాడతారని రాసి ఉంది. 

అది చదివిన సాయంత్రం దారి పొడవునా నడిచి, ముళ్ళు ఏరి కాగితంలో పొట్లం కట్టాను. పల్లేరుకాయలు, నల్లతుమ్మ ముళ్ళు, వాగొడ్డున పెరిగే సర్కారు తుమ్మ ముళ్ళు. మా ఆయన అరుగు మీద నుంచి చూస్తూ, "పంతులమ్మా, కూరకా అవి?" అన్నారు.

తర్వాతి వంతు నాడు ఆయనను మిషన్ మీదకు చేర్చి, ఆ పొట్లం పట్టుకుని సైకిళ్ళ కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమాని నడివయసు సాయిబు గారు, తండ్రి కాలం నుంచి అదే కొట్టు. నా అవసరం విని ముందు గాలి లేని టైరు చూపించారు. నిండా రబ్బరే, పంచరన్నదే లేదు. నేను దాన్ని బొటనవేలితో నొక్కితే గోరే వంగింది. క్యారియర్ మీద ఎముకలు పెళుసైన మనిషి కూర్చుంటాడని, ఆ గతుకుల్లో ఆ కుదుపులు ఆయన పడలేరని చెప్పాను. తర్వాత పాలక్యాన్లు మోసే సైకిళ్ళకు వేసే మందపాటి టైరు తీశారు. ఆ తర్వాత మామూలుది. చివరికి పైన అటక మీద నుంచి, గేర్ల సైకిళ్ళవాళ్ళు అడిగితే తెప్పించానంటూ ఒకటి దించారు. దాని మీద లోపల పొర ఉన్నట్టు బొమ్మ వేసి ఉంది. నేను పత్రికలో చూసింది అదే.

నేను పొట్లం విప్పి, ఒక్కో టైరు మీదా ఒక్కో ముల్లు గుచ్చి చూస్తానన్నాను. 

"ఏందమ్మా, టైరు కొననొచ్చావా, దానికి రక్తపరీక్ష చేయనొచ్చావా?" అన్నారాయన. 

రక్తపరీక్ష అన్న మాటకు నాకు నవ్వొచ్చింది, దానితోపాటు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఎక్కడి నుంచి వస్తున్నానో చెప్పాను. ఆయన నవ్వు ఆపి, బల్ల మీద సామానంతా పక్కకు జరిపి చోటు చేశారు. ట్యూబులు ముంచి చూసే నీళ్ళ తొట్టి ఉంటే, అందులో టైర్లను తడపమన్నాను. తడిపితే ఏమవుతుందని అడిగారు. చదివింది చెప్పాను. అయితే చూద్దామంటూ పట్టకారులాంటి పెద్ద శ్రావణం తీసుకుని తనే ముళ్ళు పట్టుకుని గుచ్చారు.

మామూలు టైరును పల్లేరుకాయే దాటేసింది. పాలక్యాన్ల టైరు పల్లేరుకు, నల్లతుమ్మకు లొంగలేదు. పొడిగా ఉన్నప్పుడు సర్కారు తుమ్మకూ లొంగలేదు, తడిశాక మాత్రం మొన లోపలివైపుకు సన్నగా పొడుచుకొచ్చింది. పుస్తకంలో మాట నా కళ్ళముందు నిజమైంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుందో తెలియదు. పొర ఉన్న టైరులోకి కూడా మొన కొంత దిగింది. కానీ పొర దగ్గర ఆగి, శ్రావణంతో ఇంకా నొక్కితే విరిగిపోయింది. సాయిబు గారు విరిగిన ముక్కను వేలి మీద పెట్టుకుని చూసి, మీరు చెప్పిందే నిజమమ్మా అన్నారు. ఆ టైరు నా సైకిల్‌కు కాస్త వెడల్పు. మడ్‌గార్డు కడ్డీలను వంచి జాగా చేసుకుంటే పడుతుందని తేల్చి, రెండు చక్రాలకూ రెండు ఇచ్చారు. ఇంటి దగ్గర గాలి కొట్టుకునే పంపు ఒకటి కూడా తీసుకున్నాను. 

ఆ తర్వాత మార్గశిరమంతా గడిచింది, పుష్యం సగం గడిచింది. రోజూ బయల్దేరేముందు లాంతరు పక్కన పెట్టుకుని గాలి కొట్టేదాన్ని. ఒక్క వంతు కూడా తప్పలేదు. ఆయన కాళ్ళ వాపు తగ్గింది. అయినా నా మనసు కుదుటపడలేదు. చప్టా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆయన తల తిప్పి దాని వైపు చూసేవారు. నాకు వెనక కళ్ళు లేకపోయినా, స్ప్రింగు మీద ఆయన చేతి పట్టు మారడంతో ఆ సంగతి తెలిసేది. ఎక్కమంటే ఎక్కుతున్నారు, దిగమంటే దిగుతున్నారు. దారిలో ఒక్క మాట ఉండేది కాదు. టీకొట్టు ముసలాయన ఎన్ని మాటలు విసిరినా తిరిగి హాస్యమాడేవారు కాదు. ఆయన వస్తున్నది నా కోసం, టైరు ఆగడం లేదు కాబట్టి.

పండగ వెళ్ళాక మా వైపు మిరప కోతలు మొదలవుతాయి. కోసిన కాయను కళ్ళాల్లో పరిచి ఆరబెడతారు. ఎర్రగా పరిచిన కాయలోకి కుక్కలు, పందులు, మందల నుంచి తప్పిన మేకలు రాకుండా కళ్ళం చుట్టూ ముళ్ళకంప పెడతారు. వాగొడ్డున సర్కారు తుమ్మను నరికి, పెద్ద మోపులు కట్టి, ట్రాక్టరుకు తగిలించి దారి వెంట ఈడ్చుకొస్తారు. చేతులతో ఎత్తి ట్రక్కులో వేస్తే ఒళ్ళంతా గీరుకుపోతుంది. ఈడిస్తే ఆ బాధ లేదు. మా తాతల నాడు ఎడ్లతో ఈడ్చేవారు, ఇప్పుడు ట్రాక్టర్లతో ఈడుస్తున్నారు. దారిలో ఎన్ని రెమ్మలు రాలినా ఎవరూ పట్టించుకోరు. ట్రాక్టరుకు ముల్లేమిటి? మా ఆయన కూడా ఒంట్లో బాగున్నన్నాళ్ళూ ఏటా అలాగే ఈడ్చారు. మా ఊళ్ళో బాగా కట్టిన కళ్ళం అంటే మాదే.

ఆ రోజు మంచు పాలనురగలా ఉంది. బండిబాట గాడిలో చక్రాన్ని ఉంచి తొక్కుతున్నాను, గాడి దాటితే మెత్తటి మట్టి. ఉన్నట్టుండి వెనక బుస్సుమన్న చప్పుడు. టైరు నేలకు కరుచుకుపోయింది. నేను నమ్మలేక కూర్చుని తడిమాను. అడుగుభాగంలో ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి గానీ అవేవీ దిగలేదు. పక్క నుంచి దిగింది. గాడి అంచుకు ఆనుకుని ఒక పెద్ద కంపరెమ్మ పడి ఉంది, దాని ముల్లు టైరు పక్కభాగంలోకి అడ్డంగా వెళ్ళిపోయింది. పొర ఉండేది నేలకు ఆనే చోటనే. పక్కలు మామూలు రబ్బరే. నేను చదివిన వ్యాసంలో ఆ సంగతి లేదు. కొట్లో పక్కన గుచ్చి చూద్దామని నాకూ తోచలేదు, సాయిబు గారికీ తోచలేదు.

మెయిన్‌రోడ్డు ఇంకా సగం దూరం ఉంది. నేను లేవకుండా అలాగే కూర్చున్నాను. ఆయన "పోనీలే" అంటారని ఎదురుచూస్తున్నాను.

ఆయన అనలేదు. వంగి, కంపరెమ్మను కాలి చెప్పుతో తిప్పి చూస్తున్నారు. దాని మొదట్లో నల్ల డ్రిప్పు పైపు ముక్క ముడివేసి ఉంది. మోపు తెగి పడినట్టుంది. తాడైతే ముళ్ళకు తెగుతుందని, పాత డ్రిప్పు పైపుతో మోపులు కట్టే పద్ధతి మా ఇంటిది. ఊళ్ళో ఇంకెవరూ అలా కట్టరు. పొలం ఈ ఏడు ఆయన పినతండ్రి కొడుకు కౌలుకు చేస్తున్నాడు. రెండు రోజుల కిందట అతను వస్తే, కళ్ళం చుట్టూ కంప దట్టంగా పెట్టించమని, వాగొడ్డుదే తెప్పించమని, పైపు ముక్కలు పశువుల కొట్టంలో ఉన్నాయి తీసుకోమని చెప్పింది ఈయనే. 

"మనదే" అన్నారు. 

మంచులో ఆయన మొహం సరిగా కనపడలేదు. ఆ రెమ్మను పట్టుకుని, కుడిచేత్తో కొంచెం కొంచెంగా లాగుతూ చేనిగట్టు దాకా చేర్చారు. ఆయాసంతో నిలబడ్డారు. మళ్ళీ వచ్చి ఇంకో చిన్నరెమ్మ తీశారు. చేతికి గీరుకుని రక్తం వస్తే పంచెకు తుడుచుకున్నారు. వద్దండీ అని నేను లేవబోయేసరికి వెనక నుంచి కూలీల ఆటో వెలుగు కనిపించింది. 

ఆటోను ఆపింది నేను కాదు. ఆయన దారి మధ్యలోకి వచ్చి చెయ్యి ఎత్తారు.

ఆటో నడిపే అతను బ్రేకు వేసి, చోటు లేదు అన్నా, చూస్తన్నావు గదా అన్నాడు. నిజంగానే లేదు. లోపలి నుంచి ఒకావిడ, "నోరుముయ్యరా. అన్నకు సూదులేసే రోజు ఈవేళ" అంది. ఆవిడా, పక్కావిడా దిగారు. ఆలస్యమైతే వాళ్ళ మేస్త్రీ కేకలేస్తాడని నాకు తెలుసు. ఆ మాటే అంటే, "ఏస్తే ఏస్తాడులే వదినా. మంచారందే ఎవురు తీస్తారు పత్తి" అని ఆవిడ నా చేతిలోంచి సైకిల్ అందుకుంది. టీకొట్టు దగ్గర పెడతామని, తోసుకుంటూ మా వెనక నడిచారు. అన్నం సంచుల మధ్య ఆయన, ఆయన పక్కన ఒంటికాలి మీద నేను. బస్సు దొరికింది.

మిషన్ మొదలయ్యాక గంటసేపు ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. తర్వాత ఫోను ఇమ్మని, కౌలు చేసే తమ్ముడికి చేయమన్నారు. స్పీకరు పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాను.

"ఒరేయ్, ఇంక కంప ఈడవబాకు. ట్రక్కులో ఏసి తే" అన్నారు.

అవతల అతను ఏమైందని కంగారుగా అడిగాడు. ఎవరు ఎక్కిస్తారన్నా, ఒళ్ళు చీరుకుపోదా అన్నాడు. 

"గోనెపట్టాలు చుట్టుకోండి. నిన్న ఈడ్చిందంతా సాయంత్రంలోపు ఏరించు. మిగతావాళ్ళకు నేను వచ్చి చెబుతా" అన్నారు. అతను ఇంకా ఏదో అనబోతే, "మీ వదిన దారిరా అది" అని ఆపి, కాసేపటికి, "నాదీ" అన్నారు.

మిగతావాళ్ళు వింటారో వినరో నాకు తెలియదు. తరాల నుంచి ఈడుస్తున్నవాళ్ళు ఒకరి మాటకు మానేస్తారని నేను అనుకోను. ఫోను సంచిలో పెట్టుకుంటుంటే ఆయన నా వైపు తల తిప్పారు. 

"పక్కల్లో కూడా గట్టిగా ఉండే రకం ఉండదా?" అని అడిగారు.

నాకు మొదట అర్థం కాలేదు. టైరు సంగతి అని తెలిశాక, ఉంటుందేమో, వెతకాలి, మళ్ళీ గ్రంథాలయానికి వెళ్తానన్నాను. ఈవేళే కొట్టుకు వెళ్ళి అడిగి వస్తానని కూడా అన్నాను. 

"ఇప్పుడొద్దు. దానికి పంచరు వేయించు, అరిగేదాకా తొక్కు" అన్నారు. "నిదానంగా వెతుకు. వచ్చే చలికాలానికి వేద్దాం."

మిషన్ తిరుగుతూ ఉంది. రెండో మాట అడిగితే ఆ మాట ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని భయమేసింది. సరే, వెతుకుతానన్నాను.